జంట సిలిండర్ల నట్టు పట్టేయకుండా

జంట సిలిండర్లతో నీళ్లలోకి దిగే డైవరు వీపు మీద దాదాపు 35 కిలోల సరంజామా ఉంటుంది. గాలి నింపిన రెండు సిలిండర్లు, వాటి మెడల దగ్గర ఆ రెంటినీ కలిపే మానిఫోల్డ్ అనే అడ్డగొట్టం, పైనొకటి కిందొకటిగా రెండు స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీలు, డైవరు వీపుకు ఆనే లోహపు పలక. ఇంత బరువునూ ఒక్కటిగా పట్టి ఉంచేవి రెండే రెండు బోల్టులు. అమెరికా తయారీ అయితే 5/16 అంగుళం లావు, ఐరోపా తయారీ అయితే 8 మిల్లీమీటర్లు. పగడపు దిబ్బలు చూసి వచ్చే మామూలు డైవర్లకు ఒంటి సిలిండరు చాలు. లోతున మునిగిన ఓడల దగ్గరికీ నీటి కింది గుహల్లోకీ వెళ్లేవాళ్లకు గాలి అందకపోయినా నేరుగా పైకి తేలే వీలుండదు. ఒక వైపు వాల్వు చెడితే దాన్ని కట్టేసి రెండో వైపు నుంచి ఊపిరి తీసుకోవాలి. జంట సిలిండర్లు ఉన్నది అందుకే.

పట్టీ ఒక్కొక్కటి రెండు సిలిండర్లనూ 8 అంకె ఆకారంలో చుట్టుకుంటుంది. సిలిండర్ల మధ్య సందులోంచి బోల్టు వెనక నుంచి ముందుకు వస్తుంది. దాని తల వెనకవైపు పట్టీని పట్టుకుంటుంది, ముందువైపు పట్టీ మీద ఆరు పలకల నట్టు బిగుస్తుంది. ఆ నట్టు దాటి ఇంకొంత మర బయటికి పొడుచుకుని ఉంటుంది. వీపు పలకలో 11 అంగుళాల ఎడంతో ఉండే రెండు రంధ్రాల్లో ఈ కొసలు దూరతాయి. వాటి మీద వాషరు, దాని మీద చేత్తో తిప్పే వింగ్ నట్టు. అంటే ఒక్కో బోల్టు మీద రెండేసి నట్లున్నాయి. బయటి నట్టును ప్రతి ప్రయాణంలో విప్పి బిగిస్తారు. లోపలి నట్టును ఒకసారి బిగించాక దాని జోలికి ఎవరూ పోరు. రెండూ పట్టేస్తాయి గాని, పట్టేసే కారణాలు వేరు. ఈ తేడా తెలియకపోవడం వల్లే చాలామంది ఒక జబ్బుకు ఇంకో మందు వేస్తుంటారు.

లోపలి నట్టు సంగతి పరీక్ష రోజున బయటపడుతుంది. అమెరికాలో స్కూబా సిలిండర్లకు 5 ఏళ్లకోసారి నీటి ఒత్తిడి పరీక్ష జరుగుతుంది, ఏడాదికోసారి లోపలా బయటా కళ్లతో చూసే తనిఖీ ఆనవాయితీ. బ్రిటన్‌లో ఒత్తిడి పరీక్ష 5 ఏళ్లకే, మధ్యలో రెండున్నర ఏళ్లకు తనిఖీ. ఏ పరీక్షకైనా రెండు సిలిండర్లనూ విడదీయాలి, అంటే పట్టీలు ఊడాలి. అప్పుడు పానా వేస్తే నట్టు కదలదు. బలం పెడితే నట్టుతోపాటు బోల్టే తిరుగుతుంది, లేదా మెలితిరిగి విరుగుతుంది. ఆ కుదుపు మానిఫోల్డుకు తగులుతుంది. పానా జారితే సిలిండరు గోడ మీద గీత పడుతుంది.

దీనికన్నా ప్రమాదకరమైనది బిగించేటప్పుడే పట్టేసిన నట్టు. పట్టీ ఇంకా పూర్తిగా దగ్గరపడకముందే మరలు ఒకదాన్నొకటి కొరుక్కుని ఆగిపోతే, పానా పట్టుకున్న చేతికి అది బిగిసినట్టే ఉంటుంది. లోపల పట్టీ వదులుగానే ఉంటుంది. ఆ వదులులో సిలిండర్లు ఒకదాని పక్కన ఒకటి కదులుతాయి, ఆ కదలికను మోయాల్సింది మెడ దగ్గరి అడ్డగొట్టమూ దాని రబ్బరు రింగులూ. ఊపిరి గాలి వెళ్లే దారే అది. పట్టేసిన నట్టును చిన్న చిరాకుగా తీసేయకూడదని చెప్పడానికి ఈ ఒక్క కారణం చాలు.

స్టెయిన్‌లెస్ స్టీలు మీద స్టెయిన్‌లెస్ స్టీలు ఎందుకిలా కొరుక్కుంటుందో అర్థం కావాలంటే ఆ లోహం తుప్పు పట్టకుండా ఎలా ఉంటుందో ముందు చూడాలి. ఉక్కులో క్రోమియం కనీసం 10.5 శాతం ఉంటే అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పైన క్రోమియం ఆక్సైడు పొరగా ఏర్పడుతుంది. మందం కొన్ని నానోమీటర్లే. గీత పడితే తనంతట తనే మళ్లీ కమ్ముకుంటుంది. 1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రెయర్లీ తయారుచేసిన ఉక్కుకు అంత పేరు రావడం ఈ పొర వల్లనే. కాని నట్టు మర బోల్టు మరను ఒత్తుకుంటూ జారేటప్పుడు ఆ పొర రాసుకుపోతుంది. మరల సందులో గాలి ఆడదు కాబట్టి కొత్త పొర వెంటనే కట్టదు. అప్పుడు ఏ ముసుగూ లేని లోహానికి అలాంటి లోహమే ఆనుకుంటుంది. ఎత్తుగా ఉన్న బిందువుల దగ్గర రెండూ అతుక్కుంటాయి. నట్టు ఇంకా తిరుగుతుంటే ఆ అతుకులు తెగి, తెగిన ముక్కలు మర మధ్య గడ్డలు కట్టి, పక్కనున్న మరను దున్నుకుంటూ పోతాయి. దీన్నే గాలింగ్ అంటారు. మామూలు ఉక్కుతో పోలిస్తే స్టెయిన్‌లెస్ స్టీలు వేడిని మూడో వంతు వేగంతోనే పక్కకు పంపుతుంది, దాంతో రాపిడి వేడి పుట్టినచోటే నిలిచి అతుకును ఇంకా గట్టిపరుస్తుంది.

చేతికి ఇది తెలిసే తీరు ఒకటుంది. మొదటి చుట్లు వేళ్లతోనే తిరుగుతాయి. తర్వాత నట్టు కొంచెం బరువెక్కుతుంది. ఇంకో అర చుట్టు తిప్పితే సన్నగా కీచుమంటుంది. పానా మీద ఇంకాస్త బలం పెడితే అటూ రాదు, ఇటూ పోదు. మొత్తం కథ కొన్ని సెకన్లలో ముగుస్తుంది. దీనికి తుప్పుతో సంబంధం లేదు. అంగడి నుంచి తెచ్చి కవరు చింపిన కొత్త బోల్టు, మెరిసే కొత్త నట్టు, చుక్క నూనె లేకుండా జత చేస్తే ఇలా కావడానికి అవకాశం ఎక్కువ. ఫ్లోరిడాలో గుహ డైవర్లు దిగేది మంచినీటి ఊటల్లోకి. అక్కడ ఉప్పు ఊసే లేదు. అయినా వాళ్ల నట్లూ ఇదే తీరున పట్టేస్తాయి. సముద్రంలో వాడితేనే జాగ్రత్త కావాలనుకోవడం ఎంత పొరపాటో దీన్నిబట్టి తెలుస్తుంది.

రెండో జబ్బు నిదానంగా వస్తుంది. అది ఉప్పు పని. మహాసముద్రపు నీళ్లలో సగటున కిలోకు 35 గ్రాముల లవణాలు ఉంటాయి, ఎర్ర సముద్రంలో 40 దాకా వెళుతుంది. మరల సందులోకి పాకిన ఈ నీరు ఆరాక ఉప్పు పలుకులు మిగులుతాయి. ఊరగాయ సీసా మూత అంచున ఉప్పు పేరుకుని మర తిరగకుండా చేసినట్టే ఇక్కడా జరుగుతుంది. అంతవరకైతే వేడినీళ్లతో వదిలిపోయేది. కాని ఉప్పులోని క్లోరైడు అక్కడితో ఆగదు. నట్టు కింద, వాషరు కింద, పట్టీ మడతలో నిలిచిన నీళ్లలో ఆక్సిజన్ అయిపోతుంది, బయటి నుంచి కొత్తది రాదు. పొర బాగుపడాలంటే ఆక్సిజన్ కావాలి. అది లేని సందులో క్లోరైడు పొరను చీల్చి, కంటికి కనిపించనంత చిన్న గుంటలు తవ్వడం మొదలుపెడుతుంది. బయట తళతళలాడుతున్న బోల్టు లోపల గోధుమరంగు పొడితో నిండి ఉండటం ఇందుకే. పైకి కనిపించే మెరుపును నమ్మి లోపలి నట్టును ఏళ్ల తరబడి వదిలేయకూడదు.

ఒడ్డుకు వచ్చి సామాను ఇంట్లో పెట్టుకున్నా ఈ పని ఆగదు. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు తానే నీరుకారుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడు కూడా ఉండటంతో అది ఇంకా తక్కువ తేమకే చెమ్మగిల్లుతుంది. విశాఖపట్నం లాంటి తీరపు ఊళ్లలో సామాను గదిలో పెట్టిన పట్టీ తడి తగలకుండానే తడిగా ఉంటుంది. వానాకాలం తర్వాత నదుల నీళ్లు కలిసి బంగాళాఖాతం తీరంలో ఉప్పు పలుచబడినా, లోహాన్ని తినడానికి ఆ కాస్త క్లోరైడు కూడా సరిపోతుంది.

రెండు వేర్వేరు లోహాలు ఉప్పునీటిలో తాకుతూ ఉంటే ఇంకో రకం నష్టం ఉంది. అల్యూమినియం వీపు పలకలోంచి స్టెయిన్‌లెస్ బోల్టు వెళితే రెండింటి మధ్య చిన్న విద్యుత్ ఘటం ఏర్పడి, అరిగేది అల్యూమినియమే అవుతుంది. తెల్లటి పిండిలా పైకొచ్చే ఆ ఆక్సైడు అసలు లోహం కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, దాంతో రంధ్రంలో బోల్టు బిరడా వేసినట్టు ఇరుక్కుంటుంది. అల్యూమినియం సిలిండరు మీద స్టీలు పట్టీ రంగును గీకేసిన చోట కూడా ఇదే మొదలవుతుంది. జింకు పూత పూసిన స్టీలు సిలిండరైతే ముందు జింకు పోతుంది. స్టీలు పలక వాడేవాళ్లకు రంధ్రం దగ్గర ఈ బాధ లేదు. అల్యూమినియం పలక ఇష్టపడేవాళ్లు రంధ్రంలో ప్లాస్టిక్ బుష్, నట్టు కింద నైలాన్ వాషరు వేసి రెండు లోహాలనూ విడిగా ఉంచవచ్చు.

వీటన్నిటికన్నా మామూలు పొరపాటు ఇంకొకటి ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. 5/16 అంగుళం అంటే 7.94 మిల్లీమీటర్లు. 8 మిల్లీమీటర్ల బోల్టుకూ దానికీ కంటితో తేడా పట్టడం కష్టం. కాని మర ఎడం వేరు. అమెరికా ముతక మరకు అంగుళానికి 18 చుట్లు, అంటే చుట్టుకూ చుట్టుకూ 1.41 మిల్లీమీటర్లు. ఐరోపా కొలతలో అది 1.25. ఒకదాని నట్టు ఇంకోదాని బోల్టుకు ఒకటి రెండు చుట్లు ఎక్కి గట్టిపడుతుంది. మర కొంచెం బిగుతుగా ఉందనుకుని పానా వేస్తే ఇక తిరిగి రాదు. పడవ మీద వింగ్ నట్టు నీళ్లలో పడిపోయినప్పుడు పక్కవాళ్ల పెట్టెలోంచి ఒకటి అడిగి పెట్టుకోవడంలో ఈ ప్రమాదం ఉంది. లోపల నైలాన్ వలయం లేని నట్టయితే, సరైన జోడు చివరిదాకా వేళ్లతోనే ఎక్కాలి. ఎక్కకపోతే అది వేరే జాతి మర అయినా అయి ఉండాలి, దెబ్బతిన్న మర అయినా అయి ఉండాలి. తమ బోల్టు ఏ కొలతదో తెలుసుకుని, అదే కొలతవి రెండు మూడు అదనపు నట్లు, వాషర్లు సంచిలో ఉంచుకోవడం ప్రతి డైవరుకూ అవసరం.

కొనేటప్పుడు బోల్టు తల మీద రాసి ఉన్న గుర్తు చూడాలి. ఎ2 అంటే 304 రకం స్టెయిన్‌లెస్, ఎ4 అంటే 316 రకం. ఆ పక్కనున్న 70 అనే అంకె చదరపు మిల్లీమీటరుకు 700 న్యూటన్ల లాగుడు బలాన్ని చెబుతుంది. 316లో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉండటం వల్ల క్లోరైడును అది ఎక్కువకాలం తట్టుకుంటుంది. సముద్రానికి ఎ4 తప్ప వేరేది కొనకపోవడమే మంచిది, బోల్టు ఖరీదులో తేడా ఎంతో ఉండదు. గుర్తే లేని బోల్టును అయస్కాంతంతో చూడవచ్చు. గట్టిగా అంటుకుంటే అది ఎ2, ఎ4 రకం కాదు. మర దిద్దిన చోట కొంచెంగా లాగడం మాత్రం మంచి స్టెయిన్‌లెస్‌లోనూ ఉంటుంది. అన్నీ మంచివి పెట్టి ఒక్క వాషరు మాత్రం నాసిరకం మామూలు ఉక్కుది వేస్తే ఆ తుప్పు నట్టంతా పాకుతుంది.

ఎ4 కొన్నంత మాత్రాన గాలింగ్ ఆగదు. బోల్టు 304, నట్టు 316 పెడితే కొరుక్కోవని కొందరు చెబుతారు గాని, రెండూ ఒకే కుటుంబపు మెత్తటి ఉక్కులే కాబట్టి పెద్ద తేడా రాదు. లోహం జాతే మారాలి. స్టెయిన్‌లెస్ బోల్టు మీద సిలికాన్ కంచు నట్టు పెడితే ఆ రెండూ ఒకదాన్నొకటి అంటుకోవు. సముద్రంలో కంచు నెమ్మదిగా అరుగుతుంది నిజమే, కాని అరిగేది మార్చడానికి సులువైన నట్టే. ఇత్తడి కూడా గాలింగ్‌ను ఆపుతుంది గాని ఉప్పునీటిలో దానిలోని జింకు కరిగిపోయి గులాబీరంగు డొల్ల మిగులుతుంది. అందుకే ఏటేటా చూసి మార్చగలిగిన బయటి నట్టుకైతే ఇత్తడి పరవాలేదు, లోపలి నట్టుకు పనికిరాదు.

లోపల నైలాన్ వలయం ఉండే నైలాక్ నట్టు అదురుకు వదులు కాదు గనక చాలా పట్టీలకు దాన్నే ఇస్తారు. ఆ వలయం మొదటి నుంచి చివరిదాకా రాపిడి పెడుతూనే ఉంటుంది, పొడి స్టెయిన్‌లెస్ మీద అది గాలింగ్‌కు తోడవుతుంది. నైలాక్ వాడితే మరకు తప్పకుండా రాపిడి తగ్గించే మందు పూసి, నెమ్మదిగా, మధ్యమధ్య ఆగుతూ తిప్పాలి. విప్పిన నైలాక్‌ను మళ్లీ వేళ్లతోనే ఎక్కించగలిగితే దాని నైలాన్ అరిగిపోయినట్టే. దానికన్నా మామూలు నట్టు మీద ఇంకో నట్టు ఎదురు బిగించడం పాత పద్ధతే అయినా నమ్మకమైనది. మర పట్టు కోసం వేసే జిగురు ద్రవాల్లో ఎర్ర రకం ఊడాలంటే 250 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేయాలి. సిలిండరు పక్కన అంత వేడి ఊహించడానికే లేదు, కాబట్టి ఎర్రది ఈ బోల్టుల దరిదాపులకు రాకూడదు.

ఇక మరకు పూసే మందు. ఇందులోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. డైవరు పెట్టెలో ఎప్పుడూ ఉండేది రబ్బరు రింగులకు రాసే సిలికాన్ గ్రీజు. నీటిని అది బాగానే అడ్డుకుంటుంది, కాని లోహం లోహాన్ని గట్టిగా ఒత్తే చోట దాని పొర నిలవదు, పక్కకు జరిగిపోతుంది. ఏమీ లేనిదానికన్నా నయం, అంతే. మెకానిక్ షెడ్డులో దొరికే రాగి రంగు యాంటీ సీజ్ అనే పేస్టు ఇంజన్ వేడికి తయారైనది. అల్యూమినియం పక్కన రాగి ఉంటే తుప్పు వేగం పెరుగుతుంది. నల్లగా ఉండే గ్రాఫైట్ గ్రీజుదీ అదే తప్పు. ఉప్పునీటిలో గ్రాఫైట్ స్టెయిన్‌లెస్‌నూ అల్యూమినియాన్నీ తుప్పు పట్టిస్తుంది. సముద్రంలో వాడే పడవల మీద బాగా నిలిచినవి మూడు: నికెల్ పొడి కలిపిన యాంటీ సీజ్, టెఫ్లాన్ పేస్టు, గొర్రె ఉన్ని నుంచి తీసే లానోలిన్. నికెల్ రకంలో గ్రాఫైట్ కలవలేదని డబ్బా మీద చూసుకోవాలి. వేర్వేరు లోహాలు తాకేచోట టెఫ్లాన్ పేస్టు మేలు, అది వాటి మధ్య అడ్డుగోడగానూ ఉంటుంది.

పూయడం కూడా ఒక పని. ముందు పాత మురికి పోవాలి. పాత పళ్ల బ్రష్షుతో మర పొడవునా రుద్ది, సబ్బునీటితో కడిగి ఆరనివ్వాలి. ఇసుక రేణువు ఒక్కటి మిగిలినా గాలింగ్‌కు అదే నాంది. అమెరికా ముతక మరలోగాని ఐరోపా మరలోగాని గాడి అడుగుదాకా పేస్టు చేరాలి, శిఖరాల మీద మాత్రమే రాస్తే చాలదు. నట్టు లోపల కొంచెం, నట్టు ఆనే వాషరు ముఖం మీద కొంచెం. బిగించేటప్పుడు పెట్టే బలంలో సగం దాకా ఆ వాషరు ముఖం మీదే రాపిడికి పోతుందని ఇంజనీరింగ్ పుస్తకాలు చెబుతాయి. మరో 40 శాతం మరలో పోతుంది. బోల్టును నిజంగా లాగి పట్టేది మిగిలిన పదో వంతే. అంటే మందు పూసి రాపిడి తగ్గిస్తే అదే బలానికి బోల్టు మీద లాగుడు చాలా పెరుగుతుంది. పొడి మరకు ఇచ్చిన బిగింపు లెక్కను పూసిన మరకు వాడితే బోల్టు సాగిపోతుంది. తయారీదారు చెప్పిన అంకె పొడి మరకా, పూసిన మరకా అన్నది చూసుకుని, పొడిదైతే తగ్గించుకోవాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. డైవింగ్‌లో కొన్నిసార్లు మామూలు గాలికి బదులు ఆక్సిజన్ ఎక్కువ కలిపిన నైట్రాక్స్ వాడతారు. దాన్ని కలిపే ఒక పద్ధతిలో ఖాళీ సిలిండరులోకి ముందు స్వచ్ఛమైన ఆక్సిజన్ ఎక్కిస్తారు. ఒత్తిడి కింద స్వచ్ఛమైన ఆక్సిజన్‌కు పెట్రోలియం గ్రీజు తగిలితే మంట పుడుతుంది. పట్టీ బోల్టు గాలి దారికి బయటే ఉంది, దాని మీద గ్రీజు ఉండటంలో ప్రమాదం లేదు. ప్రమాదం చేతులతో వస్తుంది. బోల్టుకు పూసిన వేళ్లతోనే వాల్వును ముట్టుకుంటే మురికి లోపలికి చేరినట్టే. అందుకని వాల్వులకు మూతలు పెట్టి, చేతులకు తొడుగులు వేసుకుని, బోల్టు పని మొత్తం అయ్యాక చేతులు సబ్బుతో కడిగి, ఆ తర్వాతే మానిఫోల్డు దగ్గరికి వెళ్లాలి. ఆ గుడ్డ, ఆ బ్రష్షు వాల్వు పనిముట్లతో కలవకూడదు.

బిగింపులో వరుస ఉంది. సిలిండర్లను చదునైన నేల మీద నిలబెట్టి, పట్టీలు వదులుగా వేసి, మానిఫోల్డు తనంతట తాను ఒత్తిడి లేకుండా కూర్చున్నాక నట్లు కొంచెం కొంచెంగా, పైనా కిందా మార్చి మార్చి బిగించాలి. కరెంటు డ్రిల్లుతో తిప్పితే రాపిడి వేడి ఒక్కసారిగా పెరుగుతుంది, స్టెయిన్‌లెస్‌కు అది అసలు పనికిరాదు. గాలి నింపినప్పుడు సిలిండరు కొద్దిగా ఉబ్బుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. నీటి ఒత్తిడి పరీక్షలో కొలిచేది ఆ ఉబ్బునే. ఖాళీ సిలిండరు మీద విపరీతంగా బిగించిన పట్టీ నిండిన సిలిండరు మీద ఇంకా బిగుస్తుంది. బయటి వింగ్ నట్టుకైతే పనిముట్టే అక్కర్లేదు. పలక కదలకుండా చేత్తో బిగిస్తే చాలు. దానికి కటింగ్ ప్లేయరు వేయడం మర్నాటి కష్టానికి పునాది.

సముద్రం నుంచి వచ్చిన రోజు పైపుతో పైపైన నీళ్లు కొడితే మర లోపలి ఉప్పు కదలదు. వింగ్ నట్లు తీసేసి, పలక వేరుచేసి, గోరువెచ్చని మంచినీటిలో పట్టీలదాకా మునిగేలా అరగంటైనా ఉంచాలి, తర్వాత నీడలో ఆరనివ్వాలి. తెలుగు ఊళ్లలో చాలాచోట్ల ఆ కడిగే నీళ్లు బోరు నీళ్లే. సున్నం ఎక్కువున్న నీరు ఆరితే తెల్లని గట్టి పొర మిగులుతుంది, తీరానికి దగ్గర బోర్లలో ఉప్పు కూడా ఉంటుంది. చివరి కడుగు మున్సిపల్ నీటితోనో వాన నీటితోనో అయితే ఆ బెడద తప్పుతుంది. ఈత కొలనులో శిక్షణకు వాడిన సామానునూ కడగాలి, కొలను నీటిలోని క్లోరిన్ మందు కూడా క్లోరైడుగా మారేదే. విశాఖ రుషికొండలో డైవింగ్ నేర్పే చోట ఎక్కువగా వాడేది ఒంటి సిలిండర్లే గాని, ఆ పట్టీల బకిల్సుకూ వీపు పలక బోల్టులకూ ఈ కడుగుడు ఇంతే అవసరం.

బయటికి పొడుచుకున్న మర కొసను పడవ అంచుకో మరో సిలిండరుకో కొట్టుకోకుండా చూసుకోవాలి. మొదటి చుట్టు కొంచెం నొక్కుకుపోయినా వింగ్ నట్టు అక్కడే కొరుక్కుంటుంది. రవాణాలో ఆ కొసల మీద రబ్బరు టోపీ తొడగడం చవకైన కాపలా. నొక్కుకున్న మరను డై అనే మర దిద్దే పనిముట్టుతో సరిచేయవచ్చు. లోపలి నట్టును మాత్రం పరీక్ష కోసం ఎదురుచూడకుండా ఏడాదికోసారి పూర్తిగా విప్పి, శుభ్రం చేసి, కొత్త పేస్టుతో బిగించాలి. ఉప్పునీటిలో తరచు వాడితే ఆరు నెలలకే. అప్పుడే పట్టీ కింద సిలిండరు గోడ మీద గుంటలు, బుడగలెత్తిన రంగు కనిపిస్తాయి. పట్టీ లోపల రబ్బరు తొడుగు ఉంటే దాన్నీ తీసి చూడాలి, తడిని పట్టి ఉంచేది అదే.

ఇన్ని చేసినా పాత సిలిండరు ఒకటి చేతికొచ్చి నట్టు కదలకపోతే, మొదటి పని గాలి మొత్తం ఖాళీ చేయడం. ఆ తర్వాత వేడినీళ్లు పోసి ఉప్పు కరగనిచ్చి, తుప్పు సందుల్లోకి పాకే పెనిట్రేటింగ్ ఆయిల్ వేసి రాత్రంతా వదిలేయాలి. మర్నాడు సరిగ్గా సరిపోయే పానాతో ముందు బిగించే వైపు వెంట్రుకవాసి కదిపి, తర్వాత విప్పే వైపు. పావు చుట్టు రాగానే ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ నూనె వేయాలి. తుప్పుతో పట్టేసిన నట్టు ఇలా చాలాసార్లు వస్తుంది. గాలింగ్‌తో పట్టేసింది సాధారణంగా రాదు, తిప్పేకొద్దీ ఇంకా కొరుక్కుంటుంది. దాని మీద గంటలు వెచ్చించకుండా కోసేయడమే తెలివైన పని.

మంట మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు. 6061 రకం అల్యూమినియం బలం అంతా తయారీలో ఇచ్చిన వేడి చికిత్సలో ఉంది. గ్యాసు మంట తగిలితే ఆ బలం పోతుంది, బయటికి ఏమీ తెలియదు. 200 బార్ ఒత్తిడి మోయాల్సిన గోడ అది. అమెరికా నియమాల ప్రకారం అతిగా వేడెక్కిన అల్యూమినియం సిలిండరును మళ్లీ వాడకూడదు, పనికిరానిదిగా కొట్టేయాలి. కోయడానికి నట్టును ఒక పక్క చీల్చే నట్ స్ప్లిట్టరు అన్నిటికన్నా మేలైనది. అది దూరే చోటు లేకపోతే హ్యాక్సా బ్లేడుతో బోల్టును పట్టీ రెండు సగాల మధ్య కోయాలి. సిలిండరు గోడకూ బ్లేడుకూ మధ్య రేకు ముక్క అడ్డం పెట్టాలి. గ్రైండరుతో నిప్పురవ్వలు లేస్తాయి, చక్రం ఒకసారి జారితే గోడ మీద పడే గాడి తనిఖీలో సిలిండరునే కొట్టివేయిస్తుంది. వందల రూపాయల బోల్టును కాపాడబోయి వేల రూపాయల సిలిండరును పాడుచేసుకోవడం ఈ పనిలో తరచు జరిగే నష్టం.

ఒకసారి కొరుక్కున్న బోల్టును, విప్పగలిగినా, మళ్లీ వాడకూడదు. మరలో చిరిగిన లోహం తర్వాతి నట్టును కూడా అలాగే పట్టుకుంటుంది. బోల్టు, నట్టు, వాషరు మూడూ కలిపి మార్చాలి. మెడ సన్నబడినట్టు కనిపించే బోల్టు, తల కింద గోధుమరంగు గీత ఉన్న బోల్టు కూడా అదే దారి పట్టాలి. కొత్తది పెట్టిన తేదీ, పూసిన పేస్టు పేరు పట్టీ లోపలి వైపు చెరగని సిరాతో రాసి ఉంచితే, ఏడాది తర్వాత విప్పేవాళ్లకు దాని మీద ఏం పూయాలో, ఏది కలపకూడదో తెలుస్తుంది.